ఖాళీగా ఉంచిన మేకు

గోపాలపట్నంలో మా ఇంటి వసారాలో, నా చిన్నప్పుడు, పొద్దున లేవగానే వినిపించేది కుట్టుమిషను చప్పుడే. మా అమ్మ చెల్లెలు, మా పిన్ని, అక్కడ కూర్చుని జాకెట్లు కుట్టేది. ఆమె బతుకంతా ఆ మిషను మీదే. మా వీధివాళ్లే కాదు, స్టీలు ప్లాంటు పనుల కోసం గోదావరి వైపు నుంచి కొత్తగా వచ్చిన కుటుంబాల ఆడవాళ్లు కూడా ఆమెనే వెతుక్కుంటూ వచ్చేవారు. చేతిపని అంత బాగుండేది. నోటికి మాత్రం కాదనడం తెలియదు. ఎవరు గుడ్డ తెచ్చినా అలాగే అనేది. గుడ్డలు మిషను కింద, మంచం మీద, బియ్యం డబ్బా మీద పేరుకుపోయేవి. వడ్డించిన అన్నం చల్లారిపోతున్నా హుక్కులు కుడుతూనే ఉండేది.

కొలత కోసం గుడ్డతోపాటు ఒక పాత జాకెట్టు ఇస్తారు. దాన్ని ఆది అంటారు. ఒకసారి పెళ్లిళ్ల రోజుల్లో ఆ కుప్పలో రెండు ఆదులు తారుమారయ్యాయి. వెనకవీధి పెళ్లికూతురి పట్టుగుడ్డను పిన్ని ఎవరో బక్కపిల్ల ఆదికి కత్తిరించేసింది. చీరతో వచ్చిన గుడ్డ, అలాంటిది మరో ముక్క దొరకదు. చంకల్లో అతుకులు వేసి ఎలాగో తొడిగించారు గానీ, తలంబ్రాలు పోసేటప్పుడు ఆ పిల్ల చేతులు పూర్తిగా ఎత్తలేకపోయింది. ఆమె తల్లి తమ మిగతా గుడ్డలన్నీ వెనక్కి తీసుకుపోయింది. తర్వాత ఒక్కొక్కరే బజారు టైలరు వైపు మళ్లారు. మిషను చప్పుడు లేని వసారా చూస్తే నాకు దిగులేసేది.

మా తాతయ్య పోర్టులో క్రేను నడిపి రిటైరైనవాడు. కూతుర్ని ఆయన తప్పుపట్టలేదు. నాకు లెక్కపెట్టడం సరదా కనుక, పిన్ని హడావుడి పడకుండా వారంలో ఎన్ని జాకెట్లు పూర్తిచేయగలదో చూసి చెప్పమన్నాడు. పన్నెండు అన్నాను. వసారా గోడకు పన్నెండు మేకులు కొట్టి, ఒక్కోదానికి ఒక్కో సంచి తగిలించాడు. సంచిలో ఒక గుడ్డ, దాని ఆది, అంతే. చివరి మేకుకు మాత్రం ఏమీ తగిలించలేదు.

పిన్నికి అది నచ్చలేదు. పన్నెండు కాదు, ఇంకా ఎక్కువే కుట్టగలనంది.

"కుడతావమ్మా, నాను కాదన్నానా?" అన్నాడు తాతయ్య. "కిరేను మీద ఇంత బరువే ఎత్తాలని రాసుంటాది. అది అంతకన్నా ఎక్కువే ఎత్తుతాది. ఎత్తగలిగిందంతా ఎత్తించేత్తే, రేపటికి దాన్లో ఏటీ మిగల్దు."

నాకు ఆ మాట వింతగా తోచింది. ఉన్నదంతా కూడితేనే లెక్క అనుకునేదాన్ని. కొంత వదిలిపెట్టడం కూడా లెక్కేనని అప్పుడే విన్నాను.

కొన్ని నెలలకు, చెప్పిన రోజుకే జాకెట్టు అందుతోందన్న మాట పాకి, సంచులు మళ్లీ నిండాయి. అప్పుడొచ్చింది ఆ వెనకవీధి ఆవిడ, రెండో కూతురి నిశ్చితార్థానికి పట్టుగుడ్డ పట్టుకుని. ఆవిడ తిరిగి గుమ్మం తొక్కాలని పిన్ని ఎంత ఎదురుచూసిందో నాకు తెలుసు.

పిన్ని గోడవైపు చూసింది. "సంచులు నిండిపోనాయత్తా. సోమారం ఒకటి కాళీ అవుతాది. అప్పుడు కబురెడతాను."

"ఆ సివర మేకు ఉత్తినే ఉంది కదేటే? నా గుడ్డకే నీ గోడ మీద సోటు నేదా?"

"అది ఎవలికీ కాదత్తా. నాకు జొరమొచ్చినా, మిసను మొరాయించినా ఆదుకునేది అదే. మీ పెద్దపిల్ల సెయ్యి ఎత్తలేకపోనాది. నాను మర్సిపోనేదు."

"అయితే ఆ మేకుకే జాకెట్టు కుట్టుకో" అని ఆవిడ విసురుగా వెళ్లిపోయింది. చాలాసేపు పిన్ని కాలు మిషను మీద కదల్లేదు. ఇక ఆవిడ రాదనే అనుకున్నాను.

సోమవారం పిన్ని నన్నే కబురు చెప్పి రమ్మంది. భయపడుతూ వెళ్లాను. ఆవిడ ఆ గుడ్డను ఇంకెవరికీ ఇవ్వలేదు. మడతపెట్టి, దాని ఆదిని దారంతో దానికే కట్టి ఉంచింది. "మీ పిన్ని మేకు కాళీ అయిందేటి?" అని నవ్వి నా చేతిలో పెట్టింది.

నిశ్చితార్థం రోజున ఆ పిల్ల రెండు చేతులూ పైకెత్తి జడలో పూలు సర్దుకుంది. పిన్ని గుమ్మం దగ్గర నిలబడి అదే చూస్తూ ఉండిపోయింది.

ఇప్పుడు నేను గాజువాకలో చిన్న కాంట్రాక్టర్ల పనులకు ఎస్టిమేట్లు వేస్తాను. ఎవరూ నేర్పలేదు, పని చేస్తూ నేర్చుకున్నాను. నాకూ అర్జెంటు అంటూ వచ్చేవాళ్లకు కొదవలేదు. నా బల్ల పక్క గోడకు మేకులున్నాయి, వాటికి ఒక్కో పని కాగితాలున్న సంచులు వేలాడుతుంటాయి. కొత్తగా వచ్చినవాళ్లు చివరి మేకు చూపించి, అది ఖాళీయే కదా అంటారు. కుర్చీ చూపించి, మంచినీళ్లిచ్చి, ఏ రోజు రావాలో చెబుతాను. కొందరు విసుక్కుంటూ లేస్తారు. చాలామంది ఆ రోజుకు వస్తారు.