ఆటలో దొరికిన మగ్గం గుంత

ఎవరైనా దయ్యాల కథ మొదలుపెడితే లేచి వెళ్లిపోయే రకం నేను. భయంతో కాదు. వాటి మీద నమ్మకం లేదు, ఆ కాసేపు కునుకు తీయొచ్చని ఆశ. నేను చూసింది దయ్యమని ఇప్పుడు కూడా అనడం లేదు. జరిగింది జరిగినట్టు చెబుతాను.

హనుమకొండలో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. మాది వరంగల్లో నేతపని చేసే కుటుంబం. పొద్దున ఐదింటి నుంచి తొమ్మిదింటి దాకా నాన్నతో పాటు పవర్‌లూమ్ షెడ్డులో పని చేసి, అటునుంచి అటే కాలేజీకి పోతాను. క్లాసులో కూర్చున్నా చెవుల్లో మోత ఆగదు.

లంచ్ బ్రేక్‌లో నా క్లాస్‌మేట్లు నవీన్, మమత ఫోన్లలో ఒక గేమ్ ఆడేవాళ్లు. అందులో లోకమంతా చదరపు దిమ్మెలే. చెట్టు కొట్టి కర్ర తెచ్చుకోవాలి, కర్రతో పనిముట్లు చేసుకోవాలి, రాయి తవ్వి ఇల్లు కట్టుకోవాలి. చీకటి పడితే రాక్షసులు వస్తారు. ఆకలి కూడా వేస్తుంది. ఆ లోకం నవీన్ ఫోన్‌లో ఉంటుంది. అతని హాట్‌స్పాట్‌కి కలిస్తేనే మిగతావాళ్లం లోపలికి పోగలం. నన్నూ చేర్చుకున్నాక మేం ముగ్గురం, అంతే.

మొదటి రోజే నాలుగుసార్లు చచ్చాను. ఒకసారి నా కాళ్ల కింద నేనే నిలువుగా తవ్వుకుని, కింద మండుతున్న లావాలో పడ్డాను. కాళ్ల కింద తవ్వొద్దని ఎన్నిసార్లు చెప్పాలని మమత విసుక్కునేది, మళ్లీ ఆటలో తన దగ్గరున్న రొట్టె నాకే ఇచ్చేది. పొద్దున అంత పని చేసొచ్చి ఇక్కడా పనేనా అనిపించేది. అయినా ఆ అరగంట వదులుకోబుద్ధి కాలేదు.

ఒక సోమవారం నవీన్ కొత్త లోకం మొదలుపెట్టాడు. గురువారం నేను బొగ్గు కోసం కొండలోకి అడ్డంగా తవ్వుతున్నాను. గోడ విరిగి అవతల ఒక గది కనిపించింది. చుట్టూ రాయి, గదిలో మాత్రం మట్టి నేల. నేలలో పొడవాటి గుంత. గుంత ఎడమ పక్కన దిగడానికి రెండు మెట్లు. కుడి గోడలో, బాగా కిందికి, చిన్న గూడు.

నన్ను ఆట పట్టించడానికి నవీన్ కట్టాడనుకున్నాను. అతనూ మమతా వచ్చి చూశారు. నవీన్ గుంత చుట్టూ ఒకసారి తిరిగాడు.

"గిట్లాంటిది గేమ్ చెయ్యదురా. మనిషే కట్టాలె. నేనైతే కట్టలే" అన్నాడు.

మమత కూడా తనకు తెలియదంది. నేను స్క్రీన్‌షాట్ తీసుకున్నాను.

ఆ సాయంత్రం నాన్న అన్నం తింటుంటే ఊరికే చూపించాను. మా మధ్య మాటలు తక్కువ, ఏదో ఒకటి మాట్లాడదామని. ఆయన చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.

"ఇది మా నాయిన మగ్గం గుంత. నీకు యాడ దొరికింది?"

తర్వాత ఆయన ముక్కలు ముక్కలుగా చెప్పింది ఇదీ. మా తాతకు ఎడమ కాలు సరిగ్గా వంగేది కాదు. అందుకని, మగ్గం ముందు కాళ్లు దించి కూర్చునే ఆ గుంతకు ఎడమ పక్కన తనే రెండు మెట్లు చెక్కుకున్నాడు. నాన్న చూసిన మగ్గాల్లో ఇంకెక్కడా మెట్లు లేవు. దీపం గూడు కూర్చున్న మనిషి చేతికి అందేలా కింద పెట్టుకున్నాడు. ఆయన దవాఖానలో ఉన్నప్పుడు, ఇక నేయలేడులే అని నాన్న ఆ గుంతలో మట్టి పోసి బండలు పరిచాడు. తాత ఇంటికొచ్చి నేలకేసి చూశాడట. ఏమీ అడగలేదట. రెండు నెలలకు పోయాడు.

నేను పుట్టింది ఆ తర్వాత మూడేళ్లకు. ఆ గుంతకు ఫోటో లేదు. నాకు ఎవరూ చెప్పనూ లేదు.

ఆదివారం మధ్యాహ్నం నవీన్ తన ఫోన్ పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. నాన్నే చూపించమన్నాడు. నూలుతో కాయలు కాసిన ఆయన వేళ్లకు స్క్రీన్ సరిగ్గా పలకలేదు. రెండుసార్లు గోడకు గుద్దుకున్నాడు. మమత నాకు నేర్పినట్టే ఆయనకు నేర్పాను. మెల్లగా మెట్లు దిగి గుంతలో నిలబడ్డాడు.

"కూసునేది ఎట్లరా?"

"కూసునుడు లేదు బాపూ."

ఆయన అలాగే నిలబడ్డాడు. స్క్రీన్ మీద ఆకలి గుర్తులు ఒక్కొక్కటే ఖాళీ అవుతున్నాయి. నవీన్ తొందర పెట్టలేదు. చాలాసేపటికి నాన్న మాతో కాదు, ఆ ఫోన్‌తో అన్నాడు.

"నిన్నొక మాట అడగాల్సి ఉండె, నాయినా."

ఫోన్ తిరిగి ఇచ్చేస్తూ, "దాంట్ల మన్ను పొయ్యకుండ్రి" అని, పోయి పడుకున్నాడు. మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

మా లెక్చరర్‌ని అడిగితే, దిమ్మెలు ఎలా పడాలో కంప్యూటర్ లెక్క ప్రకారం పడతాయి, ఏ ఆకారమైనా రావచ్చు అన్నారు. కావచ్చు. గుంత రావచ్చు. ఎడమ పక్కనే రెండు మెట్లు, అంత కిందికి గూడు కూడా రావచ్చా? ఎన్నిసార్లు ఆలోచించినా నాకు తెగలేదు. ఆలోచించే ఓపికా ఇప్పుడు లేదు. అది ఎవరు కట్టారో తెలియదు. నాకే ఎందుకు తగిలిందో అంతకన్నా తెలియదు. మా ముగ్గురిలో ఆట రానివాణ్ణి నేనే.