రంగు కింది సొట్ట

మా మేనత్త పోయిందని ఎల్లారెడ్డి నుంచి బావ ఫోన్ చేసినప్పుడు నేను కామారెడ్డి బస్టాండులో ఉన్నాను. తెలంగాణ రాష్ట్రం వచ్చి ఇంకా కొన్ని నెలలే. "పొద్దుగాల చాయ్ తాగి పండుకుంది, మళ్ల లేవలేదు" అన్నాడు. అత్తే గనక వింటే ఆ మాట ఒక్కసారికి ఒప్పుకునేది కాదు, చాయ్ ఎవరు పెట్టారని అడిగేది అనిపించింది. అప్పుడు వచ్చింది ఏడుపు.

ఆమెకు దేనిమీదా తొందరగా నమ్మకం కుదిరేది కాదు. పాలు పోయించుకున్న వెంటనే గిన్నె వంచి చూసేది. డాక్టరు ఇచ్చిన మాత్రలు పక్కింటి అవ్వకూ ఇచ్చారా అని కనుక్కున్నాకే మింగేది. బస్సు ఎక్కేముందు కండక్టరునూ డ్రైవరునూ విడివిడిగా అడిగి, ఇద్దరి జవాబూ కలిస్తేనే కాలు పెట్టేది.

ఆ అనుమానమే ఒకసారి నన్ను కాపాడింది. జ్వరంతో పడుకుని ఉండి, ఫోన్లో "బాగున్న అత్తా, బాగనే ఉన్న" అన్నాను. మధ్యాహ్నానికల్లా కామారెడ్డిలో మా గుమ్మం ముందు నిలబడింది. "బాగున్నోళ్లు రెండుసార్లు చెప్తరా?" అంటూ ఆసుపత్రికి తీసుకుపోయింది. ఇంకా ఆలస్యమైతే కష్టమయ్యేదని డాక్టరు చెబితే, ఆయన్నీ అనుమానంగానే చూసింది.

అదే అనుమానం పోయిన వానాకాలంలో ఇంటిని రెండు ముక్కలు చేయబోయింది.

అత్త పూజగూట్లో అరచేయంత ఇత్తడి లక్ష్మీదేవి ఉండేది. చేతులు నొప్పి పట్టి అత్త తోమడం తగ్గించాక దానిమీద నూనె జిడ్డు పేరుకుంది. ఆమె ఊరికి పోయినప్పుడు, శ్రావణ శుక్రవారానికి మెరిపిద్దామని బావ భార్య, వరసకు అక్కే అయినా నేను వదిన అని పిలిచే ఆమె, బంగారు రంగు స్ప్రే డబ్బా తెచ్చి కొట్టింది. జిడ్డు కడగకుండానే మందంగా కొట్టింది. పైగా ముసురు. అత్త తిరిగొచ్చి విగ్రహాన్ని చేతిలోకి తీసుకుంటే వేళ్లు అంటుకుపోయాయి.

కబురందుకుని నేను వెళ్లేసరికి ఇంట్లో మాటల్లేవు.

"నా దేవిని మార్చిండ్రు" అంది అత్త నాతో. "ఇది వేరేది."

"మెరవాలని నేనే రంగు కొట్టిన అత్తమ్మా" అంది వదిన.

"మెరవాలంటే చింతపండు లేదా? లోపల ఏమున్నదో కనవడకుండ రంగెందుకు? మొన్న మీ అన్న గూడ వచ్చిపోయిండు గద."

వదిన లోపలికి వెళ్లి సంచిలో చీరలు పెట్టుకోవడం మొదలుపెట్టింది. బావ తల వంచుకుని కూర్చున్నాడు.

"రంగు తీసి చూద్దాం అత్తా" అన్నాను.

"తీస్తమని తీస్కపోయి ఇంకోటి తెస్తరు."

"నీ కండ్ల ముందట్నే."

"అట్లయితే పీఠం ఎనుక సొట్ట ఉండాలె. మీ బావ చిన్నప్పుడు కింద పడేసిండు. అది లేకుంటే నా దేవి కాదు."

బావ రంగు కరిగించే థిన్నర్ తెచ్చాడు. సంచి వదిలేసి వదినే వచ్చి వాకిట్లో కూర్చుంది. గుడ్డ తడిపి రుద్దుతుంటే బంగారు రంగు జిగురులా ఊడి వచ్చింది. అత్త ఆమె చేతుల మీదినుంచి చూపు తీయలేదు. ముఖం తేలింది, చేతులు తేలాయి. విగ్రహాన్ని వెనక్కి తిప్పి వదిన పీఠం తుడిచింది. సొట్ట ఉంది. అత్త బొటనవేలు అందులో పెట్టి చూసుకుంది.

"మీ అన్నకు ఫోన్ కలుపు" అంది వదినతో.

"ఎందుకు అత్తమ్మా? ఆయనకు ఈ సంగతి తెల్వనే తెల్వదు."

"కలుపు."

ఫోన్ తీసుకుని, "బిడ్డా, నిన్ను దొంగ అనుకున్న. తప్పైంది" అంది. అవతల ఆయన ఏమన్నాడో మాకు వినిపించలేదు. ఫోన్ తిరిగి ఇస్తున్నప్పుడు అత్త కళ్లు వదినను చూడలేకపోయాయి. "మళ్ల కొట్టు. నీకు నచ్చిన రంగే. ఈసారి పలుచగ" అంది. వదిన ఆ సంచిలోని చీరలు తీసి మళ్లీ దండెం మీద వేసింది.

ఎండ కాసిన రోజు విగ్రహాన్ని సబ్బుతో కడిగి, బాగా ఆరనిచ్చి, వదిన పలుచగా ఒక పూత వేసింది. అది ఆరాక ఇంకోటి. అత్త పక్కనే పీట వేసుకుని, కొంగుతో ఈగలు తోలుతూ కూర్చుంది. రంగు ఆరిందో లేదో చూడాలని వేలు దగ్గరదాకా తీసుకుపోయేది, మళ్లీ వెనక్కి తీసుకునేది. ఎండ గోడ దిగుతుండగా వదిన లోపలినుంచి వచ్చి, వంగి చూసి, "ఆరింది అత్తమ్మా" అంది.

అత్త రెండోసారి అడగకుండా రెండు చేతులతో దేవిని ఎత్తుకుంది.