తమ్మునికి కతలు సదివిన దినాలు

మా అవ్వ ఫోన్ చేసి "నీ తమ్ముడు మాట్లాడుతలేడు బిడ్డా, నువ్వు రా. నీ కతల పుస్తకాలు పట్కరా" అన్నది. ఇంకేం చెప్పలే. నన్ను కన్న తల్లి సంగతి నాకు తెల్వదా? వాన సంగతి, బర్రె సంగతి, పక్కింటోళ్ల లొల్లి అన్ని అయినంక గని అసలు మాటకు రాదు. ఆ దినం గా రెండు మాటలు చెప్పి పెట్టేసింది. ఇంట్ల ఉన్న కతల పుస్తకాలన్ని సంచిల ఏసుకున్న.

అప్పుడు నేను జనగామల ప్రైవేటు బడిల తెలుగు టీచర్ని. తెలంగాణ కోసం సమ్మె నడుస్తున్నది. బడి బంద్, బస్సులు బంద్. జనం రోడ్ల మీదనే పొయ్యిలు పెట్టి వండుకొని తింటున్నరు. మా పుట్టిల్లు మొగుళ్లపల్లి దిక్కు. ఒక ఆటో ఎక్కి, ఒక పాలబండి ఎక్కి, మల్లొక ఆటో ఎక్కి, పొద్దుగాల ఎల్లినదాన్ని పగటాల్ల దాటినంక ఇంట్ల పడ్డ.

తమ్ముడు హన్మకొండల పీజీ సదువుతుండె. వాని రూంల ఉండెటోడు, పాణమసోంటి దోస్తు, తెలంగాణ ఇగ రాదని మనసు ఇరిగి పాణం తీసుకున్నడు. గట్ల పోయిన పిల్లల ఫోటోలు అప్పట్ల పేపర్ల మస్తు వస్తుండె. మావోడు దోస్తుకు మన్ను ఏసి ఇంటికొచ్చిండు. వచ్చినకాడికెల్లి మంచంల గోడదిక్కు మొకం పెట్టి పండుకున్నడు. బతిమిలాడితె రెండు బుక్కలు తింటడు, లేకుంటె అదీ లేదు. మాట అసలే లేదు.

అవ్వ భయం ఏందో ఆమె చెప్పకున్నా నాకు ఎరుకే. దోస్తు ఎనకనే వీడు గూడ పోతడేమోనని. ఇంట్లకు పేపర్ రానిస్తలేదు, టీవీ పెట్టనిస్తలేదు. సచ్చుడు అన్న మాటే ఇంట్ల బంద్. ఎదురింటోళ్ల కోడి సస్తె "అది కానొస్తలేదట" అన్నది, నా కండ్ల ముందల్నే పడి ఉన్నదది. ఆ దోస్తు పేరు గూడ ఎవలు తియ్యొద్దన్నది. వాడు ఎన్నోపారి మా ఇంట్ల అన్నం తిన్నోడు, ఆమెను అవ్వా అని పిలిచినోడు. వాడు పుట్టనే లేదన్నట్టు చేసింది. నాకు కోపమొచ్చింది, గని నాకూ గదే భయం. నోరు మూసుకున్న.

కత పైకి సదువుడు నాకు ఆ ఇంటి వాకిట్లనే వచ్చింది. చిన్నప్పుడు మిరపకాయల కాలంల ఆడోళ్లంత కూసొని తొడిమలు తీస్తుంటె నేను వారపత్రికల కతలు సదివెదాన్ని. ఒకలు తుమ్ముతరు, ఒకలు దగ్గుతరు, ఆ ఘాటుల సదువుడంటె మాటలు గాదు. పక్కింటి సాయబులామె, మేం ఖాలా అని పిలిచెటామె, గడప కాడ మిషిన్ కుట్టుకుంట ఇంటుండె. మొదట్ల నేను రేడియోల వార్తలు సదివినట్టు, గొంతు బిగవట్టి, మనది గాని యాసల సదివెదాన్ని. "గట్ల ఎవలు మాట్లాడుతరు బేటీ? జర నీ నోటితోని సదువు" అన్నది ఖాలా. ఇంగొకటి గూడ ఆమెనే చెప్పింది. "ఏడ్చెకాడ నువ్వు ఏడ్వకు. నువ్వే ఏడిస్తె ఇనెటోళ్లకు ఏం మిగుల్తది?"

అప్పటిసంది కతల ముసలామె మాట్లాడితె మా వాడకట్టు ముసలామె లెక్క సదివిన, నడుమ నడుమ ఊపిరి తీసుకుంట. కోపమొస్తె గొంతు పెంచుడు గాదు, తగ్గించుడు నేర్చుకున్న. బాధ ఉన్నకాడ ఆగుడు నేర్చుకున్న. కాయితం మీద సప్పగున్న మాట, దాని ముంగట జర ఆగితె, లేసి కూసుంటది. మిషిన్ సప్పుడు ఆగిందంటె కత ఖాలాకు తాకిందన్నట్టు. మా దిక్కు కత నడువాలంటె ఎవలన్న ఒకలు ఊ కొట్టాలె. ఆ పని తమ్మునిది. నా మోకాలుకు ఆనుకొని, నోట్ల వేలు పెట్టుకొని, ఊ కొడుతుండె.

ఇప్పుడు మంచం పక్కన పీట ఏసుకొని, మంచిగ నవ్వొచ్చె కత తీసి మొదలు పెట్టిన. నాలుగు మాటలు సదివి ఆగిన. ఊ లేదు. మల్ల సదివి మల్ల ఆగిన. ఈపు తప్ప ఏం కానరాలే. అంతల అర్రవాకిట్ల కెల్లి "ఊ" అని ఇనొచ్చింది. చాటల బియ్యం ఏరుకుంట అవ్వ ఊ కొడుతున్నది, వాని బదులు. కతేందో ఆమెకు సోయి లేదు. నవ్వెకాడ ఊ, తిట్టుకునెకాడ ఊ. నాకు పుస్తకం ఇసిరికొట్టి ఏడ్వాలనిపిచ్చింది.

నవ్వె కతలు జల్దినే ఒడిసినయ్. మన రచయితలకు నవ్విచ్చుడు కంటె సంపుడే సులువాయె, సావు లేని కత యాడ దొరుకుతది? ఇగ నేనే ఓ పని చేసిన. సచ్చెకాడికి రాంగనే కత మార్చి సదివిన. దవాఖానల ఉన్నోడు బాగై ఇంటికి వస్తడు, వాగుల కొట్టుకపోయినామె ఒడ్డుకు వస్తది. పుస్తకంల ఒకటి, నోట్ల ఒకటి. అవ్వకు శాన మంచిగనిపిచ్చింది. "గిట్లనే సదువు బిడ్డా" అని చెవుల చెప్పింది. తమ్ముడు మాత్రం కదల్లే, మెదల్లే. దినదినానికి బక్కగైతుండు. అన్నం గిన్నె ముట్టకుంటనే తిరిగొస్తుంటె అవ్వ దాన్ని పట్టుకొని బర్రె కాడికి పోయి ఏడ్చి వస్తుండె.

ఓ పగటాల్ల మానుకోటల సదువుకునేటప్పుడు కొన్న పాత పుస్తకం తీసిన. బాయి తవ్వె ఇద్దరు దోస్తుల కత. ఒకడు కింద తవ్వుతడు, ఒకడు పైన తాడు పట్టుకుంటడు. సగం అయినంక గని యాదికి రాలే, కిందున్నోని మీద మన్ను కూలుతదని. నా మతి మండ, ఎన్ని కతలుండంగ గిదే దొరికిందా నాకు? ఆడికి రాంగనే "మన్ను ఆగింది, కిందున్నోడు నవ్వుకుంట పైకొచ్చిండు" అని గబగబ అనేసిన.

"రాడు" అన్నడు తమ్ముడు.

మొకం గోడదిక్కే ఉన్నది. నేను సరిగ ఇన్ననో లేదో అనుకున్న. "ఏంది తమ్మి?"

"వాడు పైకి రాడక్కా. సచ్చిపోతడు. ఆ కత నేను సదివిన. అన్నిట్ల నువ్వు గిట్లనే చేస్తున్నవ్. సచ్చెకాడికి రాంగనే నీ గొంతు ఉరుకుతది."

చాట కింద పడ్డది. అవ్వ ఉరికొచ్చి నా చేతుల పుస్తకం గుంజుకున్నది. "వద్దు బిడ్డా, గది సదువొద్దు" అన్నది.

"ఇయ్యి అవ్వా" అన్నడు వాడు. "నా దోస్తు సచ్చిండని ఈ ఇంట్ల ఎవలన్న అంటరేమోనని చూస్తున్న. ఎవలు అంటలేరు. నా ఒక్కనికే సచ్చినట్టున్నడు వాడు."

అవ్వ నా దిక్కు చూసింది. సదివితె పిల్లగాడు ఏమైతడో, సదువకుంటె ఏమైతడో. చెప్పెటోళ్లు ఎవలు? పుస్తకం మెల్లగ ఆమె చేతులకెల్లి తీసుకున్న.

మన్ను కూలుడు సదివిన. ఒక్క మాట ఇడ్వలే, ఉరకలే. పైనున్నోడు గుంజితె ఉత్త తాడు తేలిగ్గ పైకొచ్చుడు సదివిన. ఆడ ఆగిన. ఆ తాడు సుట్టుకుంట వాడు ఒడ్డు మీద్నే కూసునుడు, ఊరోళ్లు రమ్మన్నా రాకపోవుడు సదివిన. పండ్లు బిగవట్టిన గని ఏడ్వలే. వాని ఈపు అదురుడు మొదలైంది. ముందుగాల సప్పుడు లేదు, తర్వాత గొంతు పగిలినట్టు ఏడ్చిండు. మన్ను ఏసిన నాడు గూడ కంట్ల నీళ్లు రాలేదట వానికి. అవ్వ మంచం పట్టె మీద కూలవడి, ఆ పిల్లగాని పేరు పెట్టి, "నా చేతి బువ్వ తిన్నవు కొడకా, ఏ తోవల పోయినవు కొడకా" అని శోకం తీసింది. అప్పుడు నాకు గూడ ఆగలే.

చాన సేపటికి వాడు ఇటు తిరిగిండు. కండ్లు ఉబ్బి మొకం మొకం లెక్క లేదు. "ఇంగ కతలున్నయా నీ తాన?" అన్నడు.

అదే ఆఖరుది. సంచిల ఇంకేం లెవ్వు. "మస్తున్నయ్" అన్న.

"అయితె రేపు ఇంగొకటి సదువు. సచ్చెటోళ్లను సావనియ్యి."

రేపు అన్నడు వాడు. అవ్వ నా చెయ్యి పట్టుకున్న పట్టుకు గాజులు గుచ్చుకున్నయ్. తెల్లారంగనే వాన్ని ఆమెకు అప్పజెప్పి, ఏదన్న బండి దొరికెదాంక నడుద్దామని, పుస్తకాలు దొరికె భూపాలపల్లి తోవ పట్టిన. పొద్దుగూకెలోపల ఒక్క కతన్న పట్టుకొని ఆ మంచం కాడికి రావాలె నేను.