నడిసముద్రంలో స్టేషను

మా పెద్ద మనవరాలు పోయింది. పలాసలో, రక్తం శుద్ధి చేసే మిషను పక్కన, మంచం మీద పోయింది. కాళ్ల దగ్గర నేనున్నాను, తల దగ్గర దాని తల్లి ఉంది. దాన్ని తీసుకుని మేము ఊళ్లోకి వచ్చేసరికి కబురు మాకంటే ముందే వచ్చి వీధి అరుగుల మీద కూర్చుంది. కిడ్నీ జబ్బుతో ఇంకో మనిషి పోయిందని రాలేదు ఆ కబురు. "ఓడెక్కిన గుంట పోయినాది" అని వచ్చింది.

ఆ మాటతోనే నా తగువు. అందుకే ఇది రాయిస్తున్నాను.

నాకు అక్షరం ముక్క రాదు. నేను చెబుతుంటే మా చిన్న మనవరాలు, పోయినదాని చెల్లెలు, రాస్తోంది. చెయ్యి దానిది, మాట నాది. తనకు కావలసినట్టు అదే రాసుకుందని అనేవాళ్లుంటే మా గుమ్మంలోకి వచ్చి నన్ను అడగండి. నేనెక్కడికీ పోను.

మాది ఉద్దానం. కొబ్బరి తోట దాటితే సముద్రం. పుట్టినప్పటి నుంచీ ఆ హోరు వింటూనే ఉన్నాను గాని దానితో మాకు పనిలేదు. మా పని జీడి, కొబ్బరి, కాస్త వరి. జీడి గింజలు కొట్టి కొట్టి నా బొటనవేళ్లు నల్లబడిపోయాయి. జీడి రసం తిన్న చోట గీతలు కూడా మిగల్లేదు. రేషను మిషను మీద వేలు పెడితే నన్ను నేను కాదంటుంది. అలాంటి ఇంట్లో పుట్టిన పిల్ల సముద్రం గురించి చదువుతానంటే మొదట నవ్వింది నేనే.

"సదవడానికేటుందే అందులో? ఉప్పునీళ్లే గదా" అన్నాను.

"ఎంత ఉప్పు? కొలిసినావేటి నాయనమ్మా?" అంది.

అదీ దాని మాట. చిన్నప్పటి నుంచీ అంతే. బావిలో నీళ్లు తగ్గాయంటే "కొలిసినావేటి?" కూరలో కారం ఎక్కువైందంటే "కొలిసినావేటి?" ఒకసారి వాళ్లమ్మ జడ వేస్తూ జుట్టు పలచబడిందంటే కూడా అదే అడిగి వీపు మీద ఒకటి తింది.

విశాఖపట్నంలో పెద్ద చదువు ఆఖరి ఏడాదిలో ఉండగా ఒకరోజు ఊరికి వచ్చింది. సముద్రం మీద పరిశోధనలు చేసే ఓడలోకి కొందరు విద్యార్థులను తీసుకుంటారట, అందులో దాని పేరు వచ్చిందట. బంగాళాఖాతంలో నెల పైన తిరిగి, అడుగు నుంచి నీళ్లూ బురదా తీసి చూస్తారట. అప్పుడు అరుగు మీద మా మరిది ఉన్నాడు. ఈ పిల్లలకు చిన్నతాత. ఊళ్లో పదిమంది ఆయన మాట వింటారు. తండ్రి లేని పిల్లలని మా ఇంటి మీద ఆయన పెత్తనం ఇంకాస్త ఎక్కువ.

"ఆడగుంట ఓడెక్కడమేటి? పడవలోళ్ల ఆడోళ్లే ఎక్కరు" అన్నాడు.

"నువ్వెప్పుడైనా ఎక్కినావా తాతా?"

"నానెందుకెక్కుతాను!"

"మరి బాగోదని నీకెలగ తెల్సు? కొలిసినావేటి?"

మందలించమన్నట్టు ఆయన నా వంక చూశాడు. నవ్వు దాచుకోవడానికి నేను లోపలికి పోయాను. జీడిపప్పు, అటుకులు, ఆవకాయ మూట కట్టి, సుమ్మాదేవి స్టేషన్లో దాన్ని రైలెక్కించింది కూడా నేనే.

ఓడలోంచి అప్పుడప్పుడు ఫోను చేసేది. మాట ఒకటి వినిపిస్తే రెండు గాలిలో పోయేవి.

"ఈరోజు పెద్ద స్టేషను నాయనమ్మా. పొద్దున ఆగితే ఇప్పటికైనాది."

"నడిసముద్రంలో స్టేషనేటే? మన సుమ్మాదేవి లాటిదా?"

"అంతకన్నా సిన్నది."

"టీ దొరుకుద్దా?"

అవతల అది పడీ పడీ నవ్వింది. పక్కవాళ్లకు చెప్పినట్టుంది, వాళ్ల నవ్వులూ వినిపించాయి. నాకు మాత్రం నిజంగానే నీళ్ల మీద ఒక పసుపుపచ్చ బోర్డు, దాని కింద ఒక సిమెంటు బల్ల కనిపించాయి.

ఇంటికి వచ్చాక చెప్పింది. ఆ స్టేషన్లో ఏమీ ఉండదట. నీళ్లే. ఓడ అక్కడ ఆగుతుంది. ఇనుప తీగకు సీసాలు కట్టి కిందికి దింపుతారు. అవి అడుగుదాకా పోయి రావడానికి గంటలు పడుతుంది. వచ్చాక నీళ్లు తీసుకుంటారు, మళ్లీ ఓడ కదులుతుంది. మండు వేసవిలో కూడా ఆ అడుగు నీళ్లు పట్టుకుంటే వేళ్లు కొంకర్లు పోతాయట. మొదట్లో కడుపులో ఏదీ నిలవక, వాంతులు చేసుకుంటూనే సీసాలు కడిగిందట. సీసాను ఏ నీళ్లతో నింపుతారో ముందు ఆ నీళ్లతోనే తొలిచి పారబొయ్యాలట. ఆ అలవాటు ఇంటికీ తెచ్చింది. మంచినీళ్ల గ్లాసు తొలవడం, పారబొయ్యడం, మళ్లీ తొలవడం.

"ఎవరి సొమ్మని పారబోత్తన్నావే?" అనేదాన్ని.

"పాత నీళ్లు కలవకూడదు నాయనమ్మా."

ఓడలో తాగే నీళ్లు కూడా సముద్రం నీళ్లేనట, మిషన్లో ఉప్పు తీసేస్తారట. "పుట్టినకాడి నుంచి నేను బెంగనేకుండా తాగిన నీళ్లు అవేనే" అంది. మా ఊరి నీళ్ల వల్లే కిడ్నీలు పోతున్నాయని కొందరి అనుమానం కదా, ఆ మాటకు దాని తల్లి వంటింట్లో గిన్నె కింద పెట్టి అలాగే నిలబడిపోయింది.

నాకొక కప్పు తెచ్చింది. టీ కొట్టులో ఇచ్చే తెల్లటి థర్మాకోల్ కప్పు. ఓడలో కొత్తగా వచ్చినవాళ్లందరూ ఇలాంటి కప్పుల మీద పేర్లు రాసి, వలసంచిలో వేసి, సీసాలతోపాటు అడుగుకు పంపుతారట. పైనున్న నీళ్ల బరువుకు నొక్కుకుపోయి చిన్నవై వస్తాయట. అందరూ పేర్లు రాసుకుంటే, నాకు చదువు రాదని ఇది బొమ్మ వేసింది. జీడిమామిడి పండు, కింద వేలాడుతూ గింజ. కప్పుతోపాటు పండూ చిన్నదైపోయింది. బొటనవేలికి తొడిగితే సరిపోయింది. ఎక్కడా చీలలేదు.

"అంత బరువుకి పగిలిపోనేదేటే?"

"లోపలున్న గాలి పోద్దంతే నాయనమ్మా. కప్పు కప్పే."

ఇక్కడి నుంచి మా మరిది ఒకలా చెబుతాడు, నేను ఒకలా చెబుతాను.

దాని మొహం ఉబ్బింది. కాళ్లు ఉబ్బాయి. "సముద్రం గాలి పడనేదు" అన్నాడాయన. ఊరంతా అదే అంది. దిష్టి తీశారు, పసరు పూశారు. ఉద్దానంలో ఉబ్బిన కాలు కనిపిస్తే అదేమిటో పసిపిల్లలకు కూడా తెలుస్తుంది. వీధికి ఎన్ని కాళ్లు చూశాం మేము! అయినా ఓడెక్కి వచ్చిన కాలు కాబట్టి ఈ వాపు వేరే వాపు అయిపోయింది. ఇంతమంది కళ్లున్నవాళ్లకు ఆ ఒక్క కాలు కనిపించలేదు.

దానికి మాత్రం ముందే అనుమానం ఉంది. ఓడలో ఉన్న డాక్టరు రక్తపోటు చూసి, ఒడ్డు దిగగానే రక్తం పరీక్ష చేయించుకోమన్నాడు. ఓడ జబ్బు ఇవ్వలేదు. జబ్బును పట్టి ఇచ్చింది. విశాఖపట్నంలో స్కానింగ్ చూసిన డాక్టరమ్మ, కిడ్నీలు రెండూ చిన్నవైపోయాయని, ఇది ఈమధ్య వచ్చింది కాదని, ఏళ్ల కిందటే మొదలైందని చెప్పింది. నా చెవులతో విన్నాను. బయట బల్ల మీద కూర్చున్నాక అది నా వైపు చూసి "కప్పు లాగ నాయనమ్మా" అంది. మళ్లీ ఎప్పుడూ ఆ పోలిక తేలేదు.

ఏళ్ల కిందట ఏ ఓడ ఉంది? దాని తండ్రి, నా కొడుకు, ఏ ఓడెక్కాడు? టెక్కలి సంతకు పోయి రావడమే వాడికి పెద్ద ప్రయాణం. వాడి కిడ్నీలూ పోయాయి. చుట్టూ సొంత కొబ్బరి చెట్లు. కొబ్బరినీళ్లు ముట్టొద్దని డాక్టర్లు చెబితే, బయట బొండాలు కొడుతున్న చప్పుడు వింటూ గోడవైపు తిరిగి పడుకునేవాడు. ఈ జబ్బు ఎందుకు వస్తోందో ఒక్కొక్కరు ఒక్కొక్కటి చెప్పారు. నీళ్లన్నారు, పురుగుమందులన్నారు, ఎండన్నారు. కార్లలో వచ్చి మా నీళ్లు సీసాల్లో పట్టుకుపోయారు. వాడు పోయినప్పుడు తోట చంపిందని ఎవరూ అనలేదు. వాడు మగాడు, తోటలో పనిచేసి పోయాడు, అది జబ్బు. ఇది ఆడపిల్ల, చదువుకుని పోయింది, ఇది తప్పు. ఇదీ మా ఊరి న్యాయం.

తర్వాత పలాసే దానికి ఓడ అయింది. మంచం మీద పడుకుని, సూది గుచ్చేటప్పుడు నా వైపు తిరిగి "స్టేషనొచ్చినాది నాయనమ్మా" అనేది. మొదటిసారి నాకు అర్థం కాలేదు. "ఆగాలి, నీళ్లు తియ్యాలి, కదలాలి. అదే గదా ఇది కూడా" అంది. అప్పుడు నేను "టీ దొరుకుద్దా?" అనాలి. అది మా ఇద్దరి వరస. పక్క మంచాల వాళ్లకు కూడా అలవాటైపోయింది, నేను మరిచిపోతే వాళ్లు అడిగేవారు. టీ అయినా నీళ్లయినా అప్పటికి కొలిచి తాగాలి. రోజంతా తాగే నీళ్లు ఒకే సీసాలో పోసుకుని, సాయంత్రానికి మిగిలేలా చూసుకునేది. సముద్రం అడుగు నుంచి నీళ్లు తెచ్చిన పిల్ల గుక్కెడు నీళ్లకు మొహం వాచిపోయింది.

చివరి రోజు పెద్ద మాటలేవీ చెప్పలేదు. స్టేషనని కూడా అనలేదు. నేనే ఉండబట్టలేక "టీ దొరుకుద్దా?" అన్నాను. కళ్లు తెరిచి చూసింది. అంతే.

ఇప్పుడు చిన్నదానికి అదే కాలేజీలో అదే చదువుకు సీటు వచ్చింది. పన్నెండో రోజు భోజనాలు కాగానే మా మరిది అందరి ముందూ పంచాయతీ పెట్టాడు.

"పెద్దదాన్ని సముద్రానికిచ్చీసినావు వదినా. సిన్నదాన్ని కూడా ఇచ్చేత్తావేటి? ఆ సదువొద్దు. నందిగాంలో మంచి సంబంధముంది, మాటాడతాను."

"నీ అన్న కొడుకుని దేనికిచ్చినాం మరిదీ? తోటకా? అయితే ముందు తోట కొట్టించు. జీడీ కొబ్బరీ ఒక్క సెట్టు మిగలకూడదు. అప్పుడు ఓడ సంగతి మాటాడదాం."

ఆయన కండువా విదిలించి భుజాన వేసుకున్నాడు.

"ఓడే సంపినాదంటన్నావు. కొలిసినావేటి?" అన్నాను. ఆ మాట నా నోట్లోకి ఎలా వచ్చిందో తెలియదు. అన్నాళ్లూ నోరు తెరవని నా కోడలు ఒక్కసారిగా నవ్వింది, నవ్వుతూనే ఏడ్చింది.

ఆయన లేచాడు. చదువు మాట వదిలి సామాన్ల మీద పడ్డాడు. ఓడ వస్తువులు ఇంట్లో ఉండకూడదట. పెద్దది ఓడలో వేసుకున్న బూట్లు, టోపీ, సంచీ మూట కట్టించి, సముద్రంలో కలిపేయమన్నాడు. మూటలో నా కప్పు కూడా ఉంది. నేను ముడి విప్పి తీసుకున్నాను.

"అదొక్కటీ ఎందుకొదినా?"

"ఇది ఓపాలి సముద్రం అడుక్కెల్లి తిరిగొచ్చినాది. మళ్లీ పంపను."

చిన్నది వెళుతుంది. సుమ్మాదేవిలో రైలు నేనే ఎక్కిస్తాను. అడ్డం వచ్చేవాళ్లు అక్కడికే రావచ్చు.

రాయడం అయిపోయింది, కింద వేలిముద్ర వెయ్యమంటోంది చిన్నది. సిరా పూసి కాగితం మీద గట్టిగా నొక్కాను. నల్లటి మచ్చ పడింది గాని గీత ఒక్కటీ పడలేదు. వేలు చీరకొంగుతో తుడుచుకుని కప్పు తొడుక్కున్నాను. గీతలన్నీ దాని మీదే ఉన్నాయి. పండు, తొడిమ, కింద వేలాడుతూ గింజ.