ఏడో పజిల్ తప్పు

మనవాళ్ళని అభిప్రాయం అడగడమంత దండగ పని ఇంకోటి లేదు. నేను సెల్‌ఫోన్‌లో ఆడుకునే చిన్న ఆట ఒకటి తయారుచేశాను. రైళ్ళ ఆట. ఒక్కటే పట్టాల వరస, మధ్యలో చిన్న స్టేషను, అటూ ఇటూ సిగ్నళ్ళు. సిగ్నల్ మీద వేలు పెడితే ఎరుపు ఆకుపచ్చ అవుతుంది, ఆకుపచ్చ ఎరుపవుతుంది. ఎదురెదురుగా వచ్చే బళ్ళు గుద్దుకోకుండా దాటించాలి. అంతే ఆట. గుంటూరులో నేను కంప్యూటర్ పాఠాలు చెప్పే కాలేజీలో పిల్లలకిచ్చాను, మా అమ్మాయి చేత ఆడించాను, చుట్టాలకు పంపాను, ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టాను. ఆట చివర “ఏమైనా చెప్పాలా?” అని ఒక పెట్టె గీసి, ఉన్నదున్నట్టు రాయండి బాబూ అని బతిమాలుకున్నాను.

ఏం రాశారు? “సూపర్ మేడమ్.” “సూపరో సూపర్.” ఒకాయన, “రైలు కూత సరిగా లేదండి, మా ఊరి ప్యాసింజరు అలా కుయ్యదు” అన్నాడు. ఒకావిడ, “మా బాబు అన్నం తినేవాడు కాదండి, మీ ఆట పెడితే తింటున్నాడు” అని మురిసిపోయింది. మా పెద్దత్త అయితే ఆట తెరిచిన పాపాన పోలేదు, చేతులు జోడించిన బొమ్మలు మాత్రం వరసగా పంపింది. తప్పులు చెప్పండర్రా మహాప్రభో అంటే ఒక్కరూ చెప్పరే! ఆ పొగడ్తలు చదివి చదివి నాకు ఒళ్ళు మండింది.

తప్పు చెప్పినవాడు ఒక్కడే, మా తమ్ముడు.

“ఏడో పజిల్ తప్పు. లైట్లన్నీ ఒకటే రంగు పెట్టావు. ఏది ఆగమంటుందో ఏది పొమ్మంటుందో ఎట్లా తెలుస్తదక్కా? చూసుకుని పెట్టాలి గదా” అని రాశాడు.

మొదటి ఆరు పజిళ్ళలో సిగ్నల్ స్తంభానికి ఒక చెయ్యి ఉంటుంది. అది అడ్డంగా నిలబడితే ఆగు, కిందికి వాలితే పో. ఏడోదాంట్లో చేతులు తీసేసి ఒట్టి లైట్లు మిగిల్చాను. కాలేజీ పిల్లలు దాన్ని దాటేసి పదోదాని దగ్గర కొట్టుకుంటున్నారు. అన్నం మానేసిన ఆ బాబు కూడా దాటేశాడు. వీడికేం వచ్చింది? తప్పు చెప్పేవాళ్ళు లేరని ఏడ్చిన మనిషినే, తీరా చెప్తే ఊరుకోలేకపోయాను. ఫోన్ చేశాను.

“కళ్ళెక్కడ పెట్టుకుని ఆడావురా?”

“నీ ఆటేదో నువ్వే ఆడుకో. నాకు మెడికల్ ఉంది” అని ఠక్కున పెట్టేశాడు.

మెడికల్ అంటే రైల్వే వాళ్ళు చేసే వైద్య పరీక్ష. వాడికి అసిస్టెంట్ లోకో పైలట్ ఉద్యోగం దాదాపు వచ్చినట్టే. ఇంజనులో డ్రైవరు పక్కన కూర్చునే రెండో మనిషి అన్నమాట. రాత పరీక్షలన్నీ గట్టెక్కాడు, డాక్టర్లు సరేనంటే చాలు. మా ఊరు సత్తెనపల్లి పక్కన. అమ్మా నాన్నా కౌలుకు మిరప వేస్తారు, సొంత పని లేని రోజు కూలికి పోతారు. జాబితాలో కొడుకు నంబరు ఉందని తెలిసిన ఆదివారమే అమ్మ చర్చిలో లేచి నిలబడి సాక్ష్యం చెప్పేసింది, “దేవుడు నా బిడ్డకి రైలు ఉద్యోగం ఇచ్చాడు” అని. సంఘమంతా ఆమెన్ అంది. కృతజ్ఞత ప్రార్థన ఎప్పుడు పెట్టుకుందామని పాస్టరుగారు అడిగారు. ఆలు లేదు, చూలు లేదు అన్న సామెత మా అమ్మకి ఎవరు చెప్తారు?

వాడు ఫోన్ పెట్టేశాక వచ్చిన ఆదివారం ఊరికి పోయాను, వాడితో తేల్చుకుందామనే పోయాను. కళ్ళంలో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. గాలి వీస్తే చాలు, తుమ్ములు. వాడు రేకుల షెడ్డు కింద మంచమేసుకుని చదువుకుంటున్నాడు. నా ఫోన్ తీసి వాడి చేతిలో పెట్టాను.

“ఆడు. నా కళ్ళముందు ఆడు.”

ఆరు పజిళ్ళు చకచకా ఆడేశాడు. నేను తయారుచేసిన దాన్ని నాకంటే వేగంగా ఆడుతుంటే ముచ్చటేసింది కూడా. ఏడోది వచ్చింది. వేలు గాల్లో ఆగింది. ఒక లైటు నొక్కాడు, ఇంకోటి నొక్కాడు. బళ్ళు గుద్దుకున్నాయి. మళ్ళీ మొదలుపెట్టాడు. మళ్ళీ గుద్దుకున్నాయి.

“ఇదేం రంగురా?” అన్నాను ఒకటి చూపించి.

“పసుపు... మట్టి రంగు. అట్టాంటిది.”

“దీని పక్కది?”

“అదీ అంతే గదక్కా. అందుకేగా తప్పన్నది!”

చిన్నప్పటి కోతలు గుర్తొచ్చాయి. మిరప కోతలో పండిన కాయే తెంపాలి, పచ్చిది చెట్టునే వదలాలి. వీడి సంచిలో ఎప్పుడు చూసినా సగం పచ్చికాయలే ఉండేవి. “పని ఎగ్గొట్టడానికి ఎత్తులు వేస్తన్నాడు ముదనష్టపోడు” అని అమ్మ వీపు మీద నాలుగిచ్చేది. చివరికి నాన్న విసుగెత్తి వాణ్ణి కోతకు పిలవడమే మానేశాడు. ఇంటిల్లిపాదీ వాడిది బద్ధకం అనుకున్నాం. వాడూ అదే అనుకున్నాడేమో.

“ఒరేయ్, నీకు ఎరుపుకీ ఆకుపచ్చకీ తేడా తెలీదురా” అన్నాను. ఎట్లా చెప్పాలి, ఏం చెప్పాలి అని ఒక్క క్షణం ఆలోచించానా? నా నోటికి అడ్డూ ఆపూ ఉండి చస్తేగా.

వాడు నవ్వాడు. నేను నవ్వలేదు. నా మొహం చూసి వాడూ ఆపేశాడు. కళ్ళం వైపు కాసేపు చూసి, “మెడికల్‌లో అదే చూస్తారక్కా” అన్నాడు మెల్లగా. చుక్కలతో నింపిన బొమ్మలు చూపిస్తారట, చుక్కల మధ్యలో దాక్కున్న అంకె చదవాలట. ఫోన్లో వెతికి తీశాం. నాకు ప్రతి బొమ్మలోనూ అంకె కొట్టొచ్చినట్టు కనబడుతోంది. వాడికి మొదటి బొమ్మలోది తప్ప ఇంకేమీ కనబడలేదు. ఫోన్ దగ్గరగా పెట్టుకున్నాడు, దూరంగా పెట్టుకున్నాడు, ఎండలోకి తీసుకుపోయి చూశాడు.

అమ్మ మజ్జిగ తెచ్చింది. “ఏందే, ఇద్దరూ మొహాలు వేలాడేసుకున్నారు?”

“ఆట ఓడిపోయాడమ్మా.”

“ఉద్యోగానికి పొయ్యేవాడికి ఆటలేందే? నీకు బుద్ధుందా?” అని నన్నే తిట్టి పోయింది.

రెండు రోజులకి వాడి దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది. బొమ్మలన్నీ సంపాదించాననీ, కంఠతా పడుతున్నాననీ, వచ్చే ఆదివారం వచ్చి ఒప్పజెప్పించుకోమనీ. “ఎవురికీ చెప్పమాక” అని చివర్లో.

జవాబివ్వలేదు. కానీ వెళ్ళాను. ఎందుకు వెళ్ళానంటే, ఆ ఉద్యోగం వాడికి రావాలని నాకూ ఉంది. నాన్న నడుం వంగిపోయింది. అమ్మ చేతులు మిరప ఘాటుకి ఏడాది పొడుగునా మండుతూనే ఉంటాయి. ఒక్క జీతం వస్తే ఇల్లు ఒడ్డున పడుతుంది. నీతులు చెప్పడం ఎవరికైనా తేలికే.

షెడ్డు వెనక కూర్చుని బొమ్మలు ముందువెనకలు చేసి చూపించాను. అన్నీ చెప్పాడు, ఒక్కటి కూడా తప్పలేదు. అంకె కనబడి కాదు. అంచుల్లో చుక్కల గుంపు ఎట్లా ఉందో గుర్తుపెట్టుకున్నాడు. ఓరి నీ బుర్రకి దిష్టి తియ్యా అనుకున్నాను. గర్వంగా కూడా ఉంది, దాచుకోవడం దేనికి? ఇక వీడు పాసయినట్టే అనుకున్నాను. అనుకున్న మరుక్షణమే భయం పట్టుకుంది.

“సరే, పాసయ్యావు. బండెక్కాక ఏం చేస్తావు?”

“రైలు సిగ్నల్లో ఎరుపు లైటెప్పుడూ కిందే ఉంటదక్కా. చోటుని బట్టి చెప్పేస్తా.”

“చీకట్లో స్తంభం కనబడుద్దా? దూరాన్నుంచి లైటొక్కటేగా కనబడేది!”

“పక్కన డ్రైవరుంటాడుగా.”

“సిగ్నల్ని ఇద్దరూ చూడాలి, ఇద్దరూ పైకి చెప్పాలి అని నువ్వే అన్నావు గదరా మొన్న! ఆయన కళ్ళు మూతపడ్డ రోజునేగా నీ అవసరం!”

వాడు ఫోన్ మంచం మీదకి విసిరేశాడు. “నాకీ ఉద్యోగం రావడం నీకిష్టం లేదు. నువ్వా దిక్కుమాలిన ఆట చెయ్యకపోతే నాకు తెలిసేదే కాదు. హాయిగా పొయ్యేవాణ్ణి.”

“ఆ, పొయ్యేవాడివి. ఎంతమందిని తీసుకుపొయ్యేవాడివో!”

అన్నాక నాలుక కరుచుకున్నాను. వాడి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఇరవై అయిదేళ్ళు దాటిన మనిషి. నేను అన్నం తినకుండానే బస్సెక్కేశాను. “కూర వండాక పోతావేందే!” అని అమ్మ వీధి మలుపు దాకా అరుస్తూనే ఉంది.

వాడితో మాటల్లో నెగ్గలేను. అందుకని కాలేజీ నుంచి రాగానే కొత్త పజిల్ మీద కూర్చున్నాను. తెర అంతా నల్లగా ఉంటుంది. స్తంభాల్లేవు, చేతుల్లేవు. దూరంగా గింజంత లైటు ఒక్కటి, ఎరుపో ఆకుపచ్చో. బండి పెట్టెలకి కిటికీలు పెట్టి, కిటికీల్లో దీపాలు పెట్టాను, లోపల మనుషులున్నట్టు తెలియాలని. దాన్ని ఎవరికీ ఇవ్వలేదు. వాడొక్కడికే పంపాను.

ఇక ఆట చివరి అభిప్రాయాల పెట్టె తెరిచి చూసుకోవడమే నా పని అయిపోయింది. పాఠం మధ్యలో చూశాను, కూర మాడుతుంటే చూశాను. కూత ఇప్పుడు బాగుందని ఆ ప్యాసింజరాయన రాశాడు. ఎవరో మళ్ళీ సూపర్ అన్నారు. వాడి దగ్గర్నుంచి ఒక్క ముక్క లేదు. ఆడాడో, చూడకుండా తీసిపారేశాడో, అక్క అనేది ఒకతి చచ్చిందనుకున్నాడో. ఫోన్ చేస్తే ఎత్తలేదు.

వైద్య పరీక్షకి గుంటూరు మీదుగానే పోవాలి. ముందురోజు మధ్యాహ్నం స్టేషన్లో ఉన్నానని వాడే ఫోన్ చేస్తే పరిగెత్తాను. ప్లాట్‌ఫాం బెంచీ మీద కొత్త చొక్కా వేసుకుని, ఒళ్ళో సర్టిఫికెట్ల ఫైలు పెట్టుకుని కూర్చున్నాడు. పక్కన కూర్చున్నాను. నేనే అడిగాను.

“ఆడావా?”

“ఆడా.”

“ఏమైంది?”

“ఒకసారి గెలిచా. గుడ్డెద్దు చేలో పడ్డట్టు. మిగతా అన్నిసార్లూ...” అని ఆగాడు.

నా వైపు తిరిగాడు. “అక్కా, ఒక్కటి చెప్పు. రేపు నేను తోలే బండి నువ్వెక్కుతావా?”

చుట్టూ జనం. ఒకావిడ చంకలో పిల్లతో, ఇంకో చేతిలో టిఫిన్ క్యారియర్‌తో నిలబడి ఉంది. వాడు నన్నే చూస్తున్నాడు. ఎక్కుతాను అంటే చాలు. వాడు సంతోషంగా వెళ్ళి బొమ్మలన్నీ ఒప్పజెప్పి వచ్చేస్తాడు.

“ఎక్కన్రా” అన్నాను.

“నీ కూతుర్ని ఎక్కిస్తావా?”

“ఎక్కించను.”

తల ఊపాడు. బండి వచ్చింది. ఫైలు చంకన పెట్టుకుని ఎక్కాడు, కిటికీ దగ్గరికి రాలేదు. బండి కదిలి వెళ్ళిపోయాక కూడా నేను అక్కడే నిలబడ్డాను. వాడి గొంతు నా చేత్తో నేనే కోశాననిపించింది. అయినా ఆ మాట వెనక్కి తీసుకోవాలని మాత్రం అనిపించలేదు.

మర్నాడు క్లాసులో ఏం చెప్పానో నాకే తెలీదు. మధ్యాహ్నం ఫోన్ మోగింది.

“అయిపోయిందక్కా. మొదటి బొమ్మ అందరికీ కనబడేదేగా, చెప్పా. రెండోది తీశారు. అంకె నాకు నోటికొచ్చు. నాలిక చివరిదాకా వచ్చింది.” ఊపిరి పీల్చుకున్నాడు. “కనబడట్లేదు సార్ అన్నా.”

నేనేదో అనబోయాను.

“అమ్మకి నువ్వే చెప్పు. నావల్ల కాదు” అని పెట్టేశాడు.

స్టాఫ్‌రూం వెనక మెట్ల మీద కూర్చుని అమ్మకి చేశాను. కోతలో ఉంది. వెనక ఆడవాళ్ళ మాటలు వినబడుతున్నాయి.

“ఏమే, పాసయ్యాడా?” అంది, హలో కూడా అనకుండా.

“లేదమ్మా. కళ్ళ దగ్గర ఆపేశారు.”

“కళ్ళా? కళ్ళకేమొచ్చింది?”

“కొన్ని రంగులు తేడా తెలియవమ్మా వాడికి. పుట్టుకతోనే అంత. ఇంజను ఉద్యోగానికి కుదరదంట.”

ఏడుస్తుంది, నన్ను తిడుతుంది, సంఘంలో తలెట్లా ఎత్తుకోనే అంటుంది అని గుండె చిక్కబట్టుకుని కూర్చున్నాను. తీరా మాట్లాడితే అది అమ్మ గొంతులా లేదు.

“పిల్లోడికి కళ్ళు పోతాయా ఏందే?”

“పోవమ్మా.”

“నా దగ్గర దాయమాక. నిజం చెప్పు.”

“నిజమేనమ్మా. చూపుకేం కాదు. రంగులే తెలియవు, అంతే.”

“ముసలోడయ్యేదాకా బానే కనబడుద్దా?”

“కనబడుద్దమ్మా” అన్నాను. అప్పటికే నాకు ఏడుపు ఆగడం లేదు.

“దేవా, నీకు స్తోత్రం!” అంది అమ్మ, చేలో వాళ్ళందరికీ వినబడేంత గట్టిగా. ఉద్యోగం సంగతి ఆ పూట ఒక్క మాట కూడా అడగలేదు.