బావురుపిల్లికి అన్ని పేర్లు

మా జువాలజీ మాస్టారు పోయారని మంగళవారం పొద్దున పాత విద్యార్థుల గ్రూపులో చూశాను. ఆయనే చదివి ఉంటే ముందు ఆ మెసేజీలో అచ్చుతప్పులు దిద్దేవారు. నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

బందరు కాలేజీలో ముప్పయ్యేళ్లు పాఠం చెప్పిన ఆయనకి చేపల మార్కెట్టూ తరగతి గదే. బొచ్చె చేప కావాలంటే శాస్త్రీయ నామంతోనే అడిగేవారు. "కట్లా కట్లా ఉందామ్మా?"

"ఒకసారి అడిగితే చాలండి మాస్టారూ, ఇనపడుద్ది," అనేది చేపలమ్మే ఆవిడ. మళ్లీ వారం కూడా ఆయన రెండుసార్లే అనేవారు.

రిటైరయ్యాక దివిసీమంతా తిరిగి, బావురుపిల్లిని ఏ ఊళ్లో ఏమంటారో రాసుకునేవారు. మడ అడవుల్లో ఉంటూ, నీళ్లలో దిగి చేపలు పట్టే పిల్లి అది. ఒకసారి నన్నూ వెంటబెట్టుకెళ్లారు. నాగాయలంక దగ్గర ఒక చేపల చెరువు రైతు పెట్టిన బోనులో అదే పడి ఉంది. ఒంటి మీద మచ్చలు చూసి చిరుతపిల్ల అనుకుని పదిమంది కర్రలు పట్టుకొచ్చారు. మాస్టారు వెళ్లి బోనుకి అడ్డంగా నిలబడ్డారు. కాళ్లు వణుకుతున్నాయి, గొంతు మాత్రం క్లాసులో గొంతే.

"చిరుత కాదయ్యా, బావురుపిల్లి. నీటిపిల్లన్నా ఇదే. ఇంగ్లీషులో ఫిషింగ్ క్యాట్, బెంగాలీలో మేఛో బిరాల్, శాస్త్రంలో ప్రయోనైల్యూరస్ వివెరినస్. చంపితే కేసవుతుంది."

గట్టు తగాదాతో ఏళ్లుగా బందరు కోర్టు చుట్టూ తిరుగుతున్న ఆ రైతు కర్ర దించాడు. "ఇన్ని పేర్లున్నాయి గదండీ, పేరుకో కేసు పడుద్దా?"

తప్పు జవాబు ఎవరు చెప్పినా ఒప్పుకోని మాస్టారు నా వైపు ఒకసారి చూసి, "పడుతుంది," అన్నారు. రైతే బోను తలుపు ఎత్తాడు. తిరుగు బస్సులో బందరు చేరేలోపు "అబద్ధం చెప్పానోయ్," అని నాలుగుసార్లు బాధపడ్డారు.

మాస్టారి అంత్యక్రియల రోజు చర్చిలో ప్రార్థన అయ్యాక, సమాధుల దగ్గర ఆ రైతు కనిపించాడు. "ఆ వారమే మా ప్లీడరు గారిని అడిగానండి. ఎన్ని పేర్లున్నా కేసొకటే అని నవ్వారు."

"మరి మాస్టారికి చెప్పలేదేం?"

"ఎండలో వణుకుతా నిలబడ్డ మనిషండీ. నాకు తెలిసిపోయిందంటే సిగ్గుపడతారని ఊరుకున్నా."

అతను ఫోను తీశాడు. "ఆ పిల్లి నా చేపలు ఇంకా తింటానే ఉందండి. ఆదివారం తీశానిది. ఆయనకి చూపిద్దామనుకునేలోపే..."

తెరమీద చెరువు గట్టు. తల్లి వంగి నీళ్లలో పంజా ముంచింది. వెనక రెండు కూనలు కదలకుండా కూర్చుని చూస్తున్నాయి.