నిండుగా పోసినావా వదినా?

ఇన్నేళ్లుగా నా గుండెల మీద ఒక రేకు డబ్బా కూర్చుని ఉంది. నిజానికి అది బరువైన డబ్బా కాదు. ఉండాల్సినంత బరువు లేకుండా చేయడమే నా తప్పు. ఈ సంగతి మా ఆయనకు చెప్పలేదు, ఆయన పోయాడు. కొడుకులకు చెబితే నవ్వుతారు. మనవరాళ్లకు చెబితే మధ్యాహ్నానికి ఊరంతా తెలుస్తుంది. నువ్వెవరో నాకు తెలియదు, నేనెవరో నీకు తెలియదు. అందుకే నీకు చెబుతున్నాను.

నేను మూడో తరగతి వరకే చదివాను. అక్షరాలు గుండ్రంగానే వస్తాయి, మాటలే వంకరపోతాయి. సర్దుకో. నా పేరు రాయను. మాది అనంతపురం జిల్లాలో కుందుర్పి వైపు ఒక ఊరు. అంతవరకు చాలు.

నన్ను పిసినారి అంటారు. అననీ. వాన ముఖం చాటేసే ఊళ్లో కాపురం చేసిన ఆడది నీళ్ల దగ్గర పిసినారి కాకపోతే ఇంకేమవుతుంది? మా ఇంట్లో బియ్యం కడిగిన నీళ్లు ఎనుముకు, మొహం కడిగిన నీళ్లు కరివేపాకు చెట్టుకు. చుట్టాలు వచ్చి కాళ్లు కడుక్కుంటుంటే పక్కనే నిలబడి చూసేదాన్ని. మర్యాద కోసమనుకునేవాళ్లు. చెంబు ఎప్పుడు లాక్కుందామా అని నా ఆలోచన.

మా మరిది తిమ్మప్ప సంగతి చెప్పాలి. నేను కాపురానికి వచ్చేనాటికి వాడికి లాగు ముడి వేసుకోవడం రాదు. అత్త జబ్బుమనిషి. వాణ్ణి నేనే పెంచాను, నేనే కొట్టాను, నేనే బడికి తోలాను. వాడు చదివాడు, చదివాడు, ఎంతకీ ఆపలేదు. చివరికి విమానాలు చేసే చోట ఉద్యోగం తెచ్చుకున్నాడు. ఏ ఊరో, ఏ కంపెనీయో రాయను. రాస్తే వాడి పరువు పోతుంది. ఇప్పటికే నా వల్ల పోయింది చాలు.

ఇంకొక్క మాట చెబితేగానీ నా తప్పు నీకు అర్థం కాదు. మా వైపు ఇంట్లోంచి ఎవరైనా మంచి పనికి బయల్దేరితే నిండు కుండ ఎదురు రావాలి. కరువులో నిండు కుండ యాడిది? మా అత్త ఒక ఉపాయం నేర్పింది. కుండలో సగం దాకా గుండ్రాళ్లు వేసి, పైన నీళ్లు పోయడం. అంచుదాకా నీళ్లు కనిపిస్తాయి. శకునం శకునమే, నీళ్లు నీళ్లే. తిమ్మప్ప పెద్ద పరీక్షకు పోయినరోజు నేను ఎదురొచ్చింది రాళ్ల కుండతోనే. వాడు పాసయ్యాడు. ఉద్యోగానికి పోయినరోజు కూడా అంతే. వచ్చింది. అప్పుడు నిండు అంటే ఏమిటి? మూతి దగ్గర నీళ్లు కనబడితే నిండు. నేను అలాగే నేర్చుకున్నాను.

కొత్త పైసలు వచ్చినా జనం ఇంకా అణాల్లోనే మాట్లాడుకునే రోజులు. వేసవి. తిమ్మప్ప సెలవు పెట్టి ఇంటికొచ్చాడు, మొహం వేలాడేసుకుని. విమానంలో పెట్రోలు పోసుకునే డబ్బా ఒకటి వాడు కొత్తరకంగా గీశాడట. పెద్ద ఆఫీసరు ఆ కాగితం చూసి, గీయడం కాదు, తూటా దెబ్బకు నిలబడుతుందని చూపించు, నీకే ఆ పని అప్పజెబుతా అన్నాడట. తాను పుట్టిందే ఆ పని కోసమన్నట్టు మాట్లాడాడు తిమ్మప్ప.

నాకు వాడే విడమరిచి చెప్పాడు. డబ్బాకు తూటా తగిలి చిల్లు పడితే అంత భయం లేదట. డబ్బా నిండుగా ఉంటే లోపలున్న నీళ్లకో పెట్రోలుకో పక్కకు జరగడానికి చోటుండదు. తూటా దూరిన దెబ్బకు అదంతా ఒక్కసారిగా నాలుగు గోడల మీదికి ఎగబడుతుంది. చిల్లు కాదు, ఆ ఎగబాటే డబ్బాను చీల్చేస్తుంది. వీడి డబ్బాకు మూలలు గుండ్రంగా ఉంటాయి, లోపల అడ్డంగా చిల్లుల రేకులుంటాయి. ఎగబడే నీళ్లు ఆ చిల్లుల్లో చిక్కుకుని నెమ్మదిస్తాయని వాడి లెక్క.

"అయితే ఇప్పుడేం చేస్తావప్పా?" అన్నాను.

"మన ఊళ్లో రేకుపని చేసే మస్తాన్ సాబుతో డబ్బాలు చేయించినా. అన్న పందుల తుపాకీతో కాలుస్తాడు. నువ్వు నీళ్లు పోస్తే చాలు వదినా. నిండుగా పోయాల. సగం పోస్తే నీళ్లకు జరిగేదానికి చోటు దొరుకుతాది, పరీక్ష దండగ."

నీళ్లు. అందరూ నవ్వుతూ అడిగే మాట. ఆ ఏడు మా బావిలో నీళ్లు అడుగున కన్నుల్లా మెరుస్తుండేవి. బిందెకు ఒక జగడం.

ఆ జగడాలూ పెట్టుకున్నాను. మొదటి డబ్బాకు నిండుగానే పోశాను, ఒట్టు. పెరటి వెనక గుట్టకు ఆనించి పెట్టారు. శెనక్కాయ చేలో పందుల్ని బెదరగొట్టడానికి మా ఆయన దగ్గర తుపాకీ ఉండేది. ఆయన కాల్చాడు. డబ్బా పగల్లేదు, పేలింది. నీళ్లు గుట్టెక్కాయి. పడే నీళ్లు పట్టుకుందామని ముందే కింద తొట్టి పెట్టాను, దాని చుట్టూ పాత దుప్పటి పరిచాను. తొట్టిలో దోసెడు పడలేదు. దుప్పటి పిండి ఎనుముకు పెట్టాను. ఎనుము నా మొహం చూసింది.

తర్వాతి డబ్బా పేలింది. ఆ తర్వాతదీ పేలింది. పేలిన ప్రతిసారీ తిమ్మప్ప కాగితం మీద ఏదో కొట్టేసి ఏదో రాసుకునేవాడు. నేను తడిసిన నేలను చూసుకునేదాన్ని. అక్కడ గడ్డి మొలిచింది. ఆ కరువులో ఊరు మొత్తానికి పచ్చగడ్డి మా గుట్ట కిందే.

సెలవు అయిపోవచ్చింది. మస్తాన్ సాబు ఆఖరి డబ్బా తెచ్చిచ్చాడు. నింపమని నాకప్పగించి అన్నదమ్ములు తుపాకీ తుడుచుకోవడానికి పోయారు. నా ముందు డబ్బా. పక్కన రెండు బిందెలు, తెల్లవారకముందు లేచి తోడుకున్నవి. పోస్తే రేపటికి ఇంట్లో వండుకోవడానికి లేవు. పోయకపోతే వాడి ఉద్యోగం.

నేనేం ఆలోచించాను? ఇప్పటికీ నన్ను నేను అడుగుతూనే ఉంటాను. వాడు నా చేతుల్లో పెరిగినవాడు కదా, రెండు బిందెల నీళ్లకంటే వాడు తక్కువా? తక్కువ అనుకోలేదు. ఎలాగూ పేలుతుందనుకున్నాను. పేలేదానికి ఇన్ని నీళ్లెందుకు అనుకున్నాను. వాడి మీద నాకు నమ్మకం లేదన్నమాట. ఇది రాయడానికే ఇంతసేపు పట్టింది.

రాళ్లు వేద్దామంటే అప్పటికి గుండ్రాళ్లు దొరకలేదు. మూలన గోనెసంచిలో శెనక్కాయ పొట్టు ఉంది, పొయ్యిలోకి దాచుకున్నది. గుప్పిళ్లతో కుక్కాను. చిల్లుల రేకుల సందుల్లోకి కట్టెతో తోశాను. పొట్టు తేలకుండా మూతి కింద చింపిరి రవిక గుడ్డ అడ్డం పెట్టాను. పైన ఒక బిందెలో ముక్కాలు పోసేసరికి నిండింది. మా బావి నీళ్లు ఎర్రమట్టి రంగు. వేలెడు లోతు కిందికి ఏమీ కనబడదు. ఒక బిందె మిగిలింది. ఎంత సంతోషపడ్డానో చెప్పలేను.

మా ఆయన డబ్బా ఎత్తి ఆగాడు. "ఏమే, ఇంత తేలిగ్గా ఉండాదే?"

"పొద్దున రెండు రాగిముద్దలు పడినాయి గదా కడుపులో. బలమొచ్చింటాదిలే."

తిమ్మప్ప దగ్గరికొచ్చాడు. "నిండుగా పోసినావా వదినా?"

"మూతికాడ చూసుకో అప్పా. కనబడ్డంలా?"

వంగి చూశాడు. అంచుదాకా నీళ్లు. తలూపాడు. నేను అబద్ధమాడలేదు, చూసుకోమన్నాను, వాడు చూసుకున్నాడు. ఇలా నాకు నేను చాలా ఏళ్లు చెప్పుకున్నాను.

మా ఆయన కాల్చాడు. డబ్బా పేలలేదు. ఒళ్లు విదిలించుకున్నట్టు కదిలి, అక్కడే కూర్చుంది. ముందొక చిల్లు, వెనకొక చిల్లు. రెండింట్లోంచీ బుద్ధిగా ధార కట్టి నీళ్లు తొట్టిలోకి పడుతున్నాయి. తిమ్మప్ప కేక వేశాడు. అన్నను ఎత్తుకున్నాడు, తుపాకీతో సహా. తర్వాత వంగి ధార దగ్గర వేలు పెట్టాడు. వేలికి ఒక పొట్టు ముక్క అంటుకుంది.

"ఇదేంది వదినా?"

ఇదిగో, ఇక్కడ. ఇక్కడే నోరు తెరిచి ఉండాల్సింది. వాడి కళ్లు చూశాను. పరీక్ష పాసయినరోజు కూడా అలా వెలగలేదు.

"బావిలో చెత్త అప్పా. ఈ ఏడు నీళ్లు అట్లనే ఉండాయి."

ఇది అబద్ధం. దీనికి సాకు లేదు.

డబ్బాను తనతో తీసుకుపోతానన్నాడు వాడు. కోసి లోపల చూస్తాడట! "ఈడనే ఉండనీ తిమ్మప్పా, నీ గుర్తుగా ఉంటాది" అన్నాను. వాడు కళ్లు తుడుచుకున్నాడు. నేను పెంచినవాడు నా ప్రేమకు కరిగిపోయి, కొలతలు మాత్రం రాసుకుని రైలెక్కాడు. ఆరోజు వాడికి నిజమైన నిండు కుండతో ఎదురొచ్చాను. మిగిలిన బిందె ఉంది కదా.

అక్కడ అవే కొలతలతో డబ్బా చేయించి, పెద్దవాళ్లందరినీ పిలిచాడు. అక్కడ కొళాయి తిప్పితే నీళ్లు. నిండుగా నింపారు. కాల్చారు. పెద్ద ఆఫీసరు టోపీ పక్క షెడ్డు మీద దొరికిందట. ఆయన తడిసిన చొక్కా పిండుకుంటూ, దీన్ని ఏ ఊళ్లో పరీక్ష చేశావయ్యా అని అడిగాడట.

తిమ్మప్ప నన్ను అనుమానించి ఉంటే నాకు కొంత హాయిగా ఉండేది. వాడు మస్తాన్ సాబును అనుమానించాడు. వచ్చి, "సాబూ, ఆ డబ్బా అతుకులో ఏం కలిపినావు, నిజం చెప్పు" అని వెంటపడ్డాడు. సాబుకు గర్వం పట్టింది. "అది మా అబ్బాజాన్ నేర్పిన పనప్పా, చెప్పకూడదు" అన్నాడు. మామూలు అతుకే, అది నాకూ తెలుసు. దుకాణం ముందు బోర్డు కట్టాడు: ఇచ్చట విమానాల డబ్బాలు చేయబడును, లాంతర్లకు మాట్లు వేయబడును.

ఆ తర్వాత నీళ్లను అనుమానించాడు. "మన బావి నీళ్లల్లో ఏందో ఉండాది వదినా. ఒక డబ్బాడు తీసుకపోతా." ఇచ్చాను. మారు మాట్లాడకుండా ఇచ్చాను. వాడు నోరు తెరిచి నన్ను చూశాడు. ఊరంతా చెప్పుకున్నాడు, మా వదిన కరువులో నీళ్లిచ్చిందని. ఆ నీళ్లు రైల్లో మోసుకుపోయి, నింపి, కాలిస్తే, ఎర్రమట్టి అందరి చొక్కాల మీదా పడిందట.

చివరికి తనను అనుమానించుకున్నాడు. నా లెక్క మీద నాకే నమ్మకం లేదని చెప్పి ఆ పని వదులుకున్నాడు. సీట్లు బిగించే బోల్టుల పనిలో చేరాడు. రిటైరయ్యేదాకా బోల్టులే. ఎప్పుడొచ్చినా బోల్టుల గురించి మాట్లాడేవాడు కాదు.

ఇంతవరకే అయితే భరించేదాన్నేమో. అసలు దెబ్బ చాలా ఏళ్లకు తగిలింది. ఒకసారి వాడు శెనక్కాయల కాలంలో వచ్చాడు. ఇద్దరం వసారాలో విత్తనానికి కాయలు వలుస్తున్నాం. వాడి కాళ్ల చుట్టూ పొట్టు కుప్ప పడింది.

"వదినా, ఇప్పుడు వేరే దేశాల్లో ఏం చేస్తాండారో తెలుసునా? పెట్రోలు డబ్బా నిండా స్పంజి మాదిరి బోలు సరుకు కుక్కుతాండారు. అందులో సందుల్లో గాలి ఉంటాది. తూటా తగిలినా ఎగబాటు చచ్చిపోతాది. ఎంత చిన్న విషయం చూడు! లోపల ఏదన్నా కుక్కుదామని నాకెందుకు తోచలేదో."

నా చేతిలో కాయ చితికింది. వాడు ఒక డొల్ల తీసుకుని వేళ్ల మధ్య నలుపుతూ కూర్చున్నాడు. దాన్నే చూస్తూ, "మన తల్లో లేదులే" అన్నాడు. నేను చీపురు తెచ్చి పొట్టు ఊడ్చేశాను. "కాళ్లు తియ్యప్పా" అని గదమాయించాను.

వాడి తల్లో లేకపోవచ్చు. వాడి డబ్బాలో ఉంది. ఆరోజు నేను నిజం చెప్పి ఉంటే వాడు నన్ను తిట్టేవాడు, తర్వాత ఆ పొట్టును చూసి ఆలోచించేవాడు. ఆలోచించడం వాడికి వచ్చు. నేను దాచింది ఒక బిందె నీళ్లనుకున్నాను. ఏం దాచానో నాకే తెలియదు.

ఆ డబ్బా ఇన్నేళ్లూ అటక మీదే ఉంది. వాడకుండా ఊరికే పడి ఉన్న వస్తువు మా ఇంట్లో అదొక్కటే. అది కూడా ఒక బాధ. ఈరోజు దించాను. గుడ్డ లాగి, పొట్టంతా కుమ్మరించాను. ఎలుకలు కూడా ముట్టలేదు. పారేయడానికి చేతులు రాలేదు, పొయ్యిలో వేశాను. బాగా మండింది. స్నానానికి నీళ్లు కాగాయి. కాస్తే తీసుకున్నాను.

శెనక్కాయలు వలిచే రోజులు మళ్లీ వచ్చాయి. తిమ్మప్ప వస్తానని కబురు పెట్టాడు. వాడు క్షమిస్తాడా? నాకు తెలియదు. అడగను కూడా. అడిగేంత ముఖం లేదు. వాడు వచ్చినా, రాకపోయినా, ఆరోజు గుట్ట దగ్గర వాడు అడిగిన మాటకు నా దగ్గర ఒక జవాబు బాకీ ఉండిపోయింది. ఇక్కడ రాసి పెడుతున్నాను.

నిండుగా పోయలేదప్పా.